అమ్మ కోటుకి ఎడమ భుజం

మా ఇంట్లో ముగ్గురం ఉంటాం. అక్క, బావ, నేను. ఉన్నవి రెండు గదులు, ఒక వంటగట్టు, ఒక కిటికీ. ఇంత చిన్న కొంపలో ఆరేళ్ళుగా అక్కా నేనూ ఒక్క మాటైనా మాట్లాడుకోకుండా ఎలా నెట్టుకొస్తున్నామని మీరు అడగొచ్చు. దానికి బావ ఉన్నాడు.

మా దేశంలో ఉన్నప్పుడు బావ రైల్వే స్టేషన్లో అనౌన్సరు. ఇక్కడికొచ్చాక ఒక పెద్ద క్యాంటీన్లో గిన్నెలు కడుగుతున్నాడు గానీ, ఆ గొంతు మాత్రం ఇంకా ప్లాట్‌ఫారం దిగలేదు. "ఏమండీ, కుళాయి సరిగ్గా కట్టమని ఆవిడకి చెప్పండి" అంటుంది అక్క. ఆవిడంటే నేనే, మూరెడు దూరంలో నిలబడి ఉంటాను. బావ గొంతు సవరించుకుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి. కుళాయి కారుచున్నది. దయచేసి కట్టవలసిందిగా కోరుచున్నాము" అంటాడు. "బావా, వాషరు పోయింది, కట్టినా కారుతుందని మీ ఆవిడకి చెప్పు" అంటాను నేను. అదీ ప్రకటిస్తాడు. పాపం, కొన్ని రోజులు అన్నం తింటూనే పదిహేను ప్రకటనలు చేస్తాడు.

గొడవేమిటో కూడా చెప్పేస్తాను, దాచుకోవడానికేం లేదు. ఊరు ఖాళీ చెయ్యమని మాకు గంట టైమిచ్చారు. అక్కా బావా బండి కోసం వీధిలోకి పరిగెత్తారు. అక్క వెళ్తూ వెళ్తూ, "ఆల్బం తియ్యవే, అమ్మ ఫొటోలు!" అని అరిచింది. అమ్మ పోయి అప్పటికి ఏడాది. నేను లోపలికి వెళ్ళాను. ఆల్బం బీరువా మీద ఉంది, కుట్టుమిషను కిటికీ దగ్గర ఉంది. ఆ క్షణాన నా బుర్రకేం తోచిందో ఇప్పటికీ చెప్పలేను. మరలు విప్పి, మిషను తల ఊడదీసి, దుప్పట్లో చుట్టి, భుజానికెత్తుకుని బయటికొచ్చాను. పదకొండు కిలోలు. బండి దొరకలేదు. నాలుగు రోజులు నడిచాం. ఆల్బం సంగతి అక్క రెండో రోజున అడిగింది. అప్పటికే మా వీధి లేదని కబురొచ్చింది.

"అమ్మనొదిలేసి ఇనప ముక్కని మోసుకొచ్చావా?" అంది.

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "ఆ ఇనప ముక్కే రేపు నీ నోట్లో ముద్ద పెడుతుంది, చూసుకో" అన్నాను.

అంతే, అదే మా ఆఖరి సంభాషణ. నిజంగానే ముద్ద పెట్టింది కూడా. వచ్చిన మొదటి ఏడాది బావకి పని దొరికేదాకా ఇల్లు గడిచింది ఆ మిషను మీదే. దాంతో అక్కకి ఒళ్ళు ఇంకా మండింది. నా మనసులో మాట అడిగితే, ఈ ఆరేళ్ళలో నేను కోరుకున్నది ఒక్కటే. అక్క నన్ను మళ్ళీ "ఏమే" అని పిలవాలి. తిట్టడానికైనా సరే.

నేను పని చేసేది ఒక లాండ్రీ వెనక గదిలో. ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, పొట్ట వచ్చినవాళ్ళకి నడుము వదులు చెయ్యడం. "ఉతికితే బిగుసుకుపోయిందండీ" అంటారు ప్రతి ఒక్కరూ. "అవునండీ, ఈ మధ్య గుడ్డలు అలాగే వస్తున్నాయి" అంటాను. ఉతకడం వల్ల బిగిసిన ప్యాంటు నా సర్వీసులో ఒక్కటీ తగల్లేదు.

అలాంటి గదిలోకి ఒకరోజు ఒక అమ్మాయి వచ్చింది. బూట్ల నిండా రంగు మరకలు, భుజాన పొంగిపోతున్న సంచీ. తను కళాకారిణినని చెప్పుకుంది.

"బొమ్మలు వేస్తావా?" అన్నాను.

"వెయ్యనండీ. మనుషులతో కలిసి తయారుచేస్తాను."

"ఏమిటి తయారుచేసేది?"

సంచీ దింపి, నా ఇస్త్రీబల్ల మీద కూర్చుని మొదలుపెట్టింది. దేశం వదిలి వచ్చినవాళ్ళు నలభై మందిని పోగుచేసిందట. ఒక్కొక్కరూ తాము విడిచి వచ్చిన మనిషి వేసుకునే బట్ట ఒకటి ఇవ్వాలి. మూతబడ్డ బస్సు డిపోలో ఆ బట్టల్ని తీగ చట్రాలకి తొడిగి, మనుషుల్లాగే వరసగా నిలబెడతారు. వరసకి ఎదురుగా ఆఫీసు కిటికీ, అదెప్పుడూ మూసే ఉంటుంది. చూడవచ్చినవాళ్ళు ఆ ఖాళీ బట్టల వెనకాల లైన్లో నిలబడాలి.

"నిలబడి?"

"నిలబడాలి, అంతేనండీ."

నాకు నవ్వాగలేదు. "ఓసి పిచ్చిమొహమా, ఇక్కడ ఉండనిచ్చే కాగితాల కోసం మేం చేసే పని అదే కదే! తెల్లారి లేస్తే లైను. దాన్ని కళ అంటారా? కళా లేదు, కాకరకాయా లేదు."

"మీరు నిలబడ్డారండీ. ఈ ఊరివాళ్ళు ఒక్కరోజూ నిలబడలేదు" అంది ఆ అమ్మాయి.

చేతిలో ఉన్న ప్యాంటు పక్కన పడేసి, సరే చెప్పు నేనేం చెయ్యాలో అన్నాను. తనకొచ్చిన చిక్కు చెప్పింది. నలభై మందిలో ఒక్కళ్ళ దగ్గరా బట్టలు లేవట. ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్ళు ఇంకొకళ్ళ చొక్కాలు ఎందుకు మోసుకొస్తారు? ఆ సంగతి ముందే తట్టలేదట ఆ పిల్లకి. ఇప్పుడు అన్నీ కొత్తగా కుట్టాలి, గుర్తున్న కొలతలతో.

అలా ప్రతి శనివారం మధ్యాహ్నం డిపోలో నా దుకాణం తెరిచాను. మెడలో టేపు, చేతిలో సుద్ద, చుట్టూ డీజిలు వాసన. మొదట వచ్చింది గడియారాలు బాగుచేసే ఒక తాత. భార్య గౌను కావాలన్నాడు.

"ఎలా ఉండేవారు తాతగారూ మనిషి?"

"మామూలుగా ఉండేదమ్మా."

"మామూలు అనే గీత నా టేపు మీద లేదు. మీ పక్కన నిలబడితే ఎంతవరకు వచ్చేవారు?"

చెవి తమ్మె ముట్టుకుని చూపించాడు. ఒళ్ళెంత అని అడిగితే మాటల్లో చెప్పలేక, రెండు చేతులూ ముందుకి చాచి, గాలిని కావలించుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. అంతలోనే సిగ్గుపడి చేతులు దించబోయాడు. "కదలకండి!" అని కసిరి, ఆ చేతుల మధ్య గబగబా టేపు తిప్పాను. ముప్పై ఎనిమిది. రాసుకుంటూంటే అంకె సరిగ్గా కనబడలేదు, కళ్ళకి మసకలు కమ్మాయి.

తర్వాత ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. చెల్లెలి స్కూలు గౌను. "వదిలొచ్చినప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. ఇప్పుడు పదిహేను ఉంటాయి. ఏ కొలత చెప్పమంటారు?" అన్నాడు. ఎనిమిదేళ్ళ కొలతకే కుట్టి, లోపల మడత బాగా వదులుతాను, పొడుగైతే విప్పుకోవచ్చన్నాను. అతను చాలాసేపు తలూపుతూనే ఉన్నాడు.

నలభై అయ్యాక ఆ అమ్మాయి అడిగింది, "మరి మీది?"

నాది ఎప్పుడో తేల్చుకున్నాను. మా అమ్మ ఇరవై ఎనిమిదేళ్ళు ఊళ్ళో ఉత్తరాలు పంచింది. గడపగడపకీ నడిచి ఇచ్చేది. ఆవిడ యూనిఫాం కోట్లన్నీ నేనే కుట్టేదాన్ని. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు ఒకసారి, "కోటంటే ఈమెదిలా ఉండాలి" అన్నాడని అమ్మ పదేళ్ళు చెప్పుకుంది. కొలతలన్నీ నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. అక్క ఎలాగూ ఫొటో కావాలంటుంది కదా, నేను ఏకంగా మనిషినే నిలబెడతాను, అది చూసి అక్క నోరు విప్పకపోతే నన్నడగండి అనుకున్నాను.

వారం పట్టింది. ఆ మిషను మీదే కుట్టాను, ఇంకో మిషను ముట్టుకోబుద్ధి కాలేదు. నీలం రంగు గుడ్డ, ఆరు ఇత్తడి గుండీలు, చేత్తో తీసిన కాజాలు. చట్రానికి తొడిగి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ఎక్కడా ఒక్క ముడత లేదు. ప్రదర్శన ఆదివారం. అంతకు ముందు గురువారం సాయంత్రం, పనిచేసినవాళ్ళ ఇంట్లోవాళ్ళు వచ్చి చూసుకోవచ్చన్నారు. బావ ఇంట్లో ప్రకటించాడు, "గురువారం సాయంత్రం ఐదు గంటలకు డిపోకు ప్రత్యేక సర్వీసు కలదు." అక్క మూతి ముడుచుకుంది గానీ బయల్దేరింది.

నేను టైరు గుట్ట వెనకాల నక్కి చూస్తున్నాను. అక్క వరస పక్కనే నెమ్మదిగా నడిచింది. తాత భార్య గౌను దగ్గర ఆగింది. స్కూలు గౌను దగ్గర కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాతిది అమ్మే. అక్క అమ్మ కోటు ముందు నుంచి నడిచి, దాటి, ముందుకి వెళ్ళిపోయింది.

చివరిదాకా వెళ్ళి బావనడిగింది, "ఆవిడ సొంతంగా పెట్టింది ఏదండీ ఇందులో?"

బావ వేలు పెట్టి చూపించాడు. అక్క వెనక్కి వచ్చి, కోటుని పైనుంచి కిందకి చూసింది. "ఇదా? ఇదెవరిదీ? దుకాణం అద్దాల్లో బొమ్మకి తొడుగుతారే, అలా ఉంది" అని, తిరిగి చూడకుండా బయటికి నడిచింది.

నాకు తల తీసేసినట్టయింది. ఇంటికి వచ్చి గిన్నెలన్నీ ఎత్తి కుదేశాను. "బావా, మీ ఆవిడకి కళ్ళు లేవని చెప్పు. కన్నతల్లి కోటు గుర్తుపట్టలేని మనిషి ఫొటో ఏం చేసుకుంటుందో కనుక్కో" అన్నాను. అక్క పక్కగదిలో తలుపేసుకుంది. బావ ప్రకటించలేదు. గిన్నెలు తీసి ఒక్కొక్కటే బోర్లించాడు.

మర్నాడు లాండ్రీలో నాకు పని మీద మనసు లేదు. ఒకాయన కోటు తెచ్చాడు, బ్యాంకులో ఉద్యోగమట. "ఒక వైపు జారినట్టు ఉంటోందండీ, కొంచెం సరిచెయ్యండి" అన్నాడు. తొడిగి చూశాను. కోటు నిక్షేపంలా ఉంది, ఆయన భుజమే ఒకటి కిందకుంది. ఈ మాట మేం మనిషితో అనం. నా చెయ్యి దానంతటదే దూది డబ్బాలోకి పోయింది. చిన్న ప్యాడు చేసి లోపల కుట్టేస్తే ఆయనా సంతోషం, నేనూ సంతోషం.

చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది.

అమ్మ ఎడమ భుజం! ఇరవై ఎనిమిదేళ్ళు ఉత్తరాల సంచీ మోసిన భుజం, అది కుడిదానికంటే కిందకి దిగిపోయి ఉండేది. తనిఖీలో అమ్మ వంకరగా కనబడకూడదని, ప్రతి కోటులోనూ ఎడమవైపు దూది కూరి దాచేదాన్ని. పుస్తకంలో ఎప్పుడూ రాయలేదు, కొలిచిందీ లేదు. తొడిగి, సమంగా కనబడేదాకా కూరడమే. అమ్మ ఆ కోటు తొడుక్కుని వీధిలోకి వెళ్ళేది. ఇంటికొచ్చి విప్పాక, ఆ భుజానికి రోజూ నూనె రాసింది అక్క. అమ్మ వెనకాల పీట వేసుకుని కూర్చుని, గంటసేపు. ఆ గంటా నేను మిషను మీద ఉండేదాన్ని. డిపో కోటులోనూ అలవాటుగా దూది కూరి, సమంగా కనబడేదాకా చట్రం సర్దేశాను. నేను నిలబెట్టింది ఊరివాళ్ళు చూసిన పోస్టావిడని. అక్క ఎలా గుర్తుపడుతుంది?

నా చేతి అలవాటు తగలెయ్య! బ్యాంకాయన్ని, కోటు సోమవారం ఇస్తానని పంపేశాను.

భుజం దించడం సరే, ఎంత దించాలి? నాకు తెలీదు. తెలిసినది ఒక్కరికే. శనివారం పొద్దున అక్క బియ్యం ఏరుతూంటే, బావని గోకాను. "బావా, అమ్మ ఎడమ భుజం ఎన్ని వేళ్ళు కిందకుండేదో మీ ఆవిడనడుగు."

అక్క చేతులు ఆగాయి. బావ పేపరు మడిచి పక్కన పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. "ప్రయాణికులకు ముఖ్య గమనిక. సాంకేతిక కారణాల వల్ల ఈ సర్వీసు శాశ్వతంగా రద్దు చేయబడినది. కలిగిన అసౌకర్యానికి అస్సలు చింతించడం లేదు" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు.

మిగిలింది మేమిద్దరం, మధ్యలో బియ్యం పళ్ళెం. ఆఫీసుల్లో ఎంతమందితో పోట్లాడానో, ఎప్పుడూ ఇంత భయం వెయ్యలేదు.

"అక్కా" అన్నాను. ఆరేళ్ళ తర్వాత ఆ మాట నా నోటికే కొత్తగా తగిలింది. "అమ్మ భుజాన్ని దూదితో దాచేశాను. అలవాటు కొద్దీ చేశాను. తీసేద్దామంటే ఎంతో తెలీడం లేదు. నువ్వు చెప్పాలి."

అక్క లేచింది. ఏరిన బియ్యం డబ్బాలో పోసింది, ఏరనివి మూట కట్టింది, చేతులు కడుక్కుంది. తర్వాత చెప్పులేసుకుని గుమ్మం బయట నిలబడింది. తాళం నా దగ్గరే ఉంది, వేసి రమ్మంటోందని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

డిపోకి వెళ్ళేదాకా బస్సులో అటు కిటికీలోకి ఆమె, ఇటు కిటికీలోకి నేను. అక్కడ బొమ్మలమ్మాయి నిచ్చెనెక్కి దీపాలు సర్దుతోంది. కిందకి పిలిచాను. కోటు భుజం కుట్టు విప్పి, దూది పీకి అవతల పారేశాను. ఆ అమ్మాయి రెండు చేతులతో తీగ చట్రం పట్టుకుంది. అక్క కోటు వెనక్కి వెళ్ళి నిలబడి, కళ్ళు మూసుకుని, రెండు అరచేతులూ భుజాల మీద పెట్టింది.

"దించు" అంది. ఎవరితో అందో తెలీదు. ఆ అమ్మాయి తీగ వంచింది.

"ఇంకా."

వంచింది. నా పొందికైన కోటు ఒక పక్కకి ఒరిగిపోయింది.

"ఇంకా దించు."

ఇక ఉండబట్టలేక, "ఇంకా దించితే కాలరు లాగేస్తుంది, ముందు భాగం అంతా ముడతలు పడుతుంది" అన్నాను.

అక్క కళ్ళు తెరిచింది. "ఏమే! నువ్వు చూసుకునేది కాలరునా, అమ్మనా?"

నేను కత్తెర పట్టుకుని ఉన్నదాన్ని ఉన్నట్టే స్టూలు మీద కూలబడ్డాను. ఏడుపు తన్నుకొచ్చింది. "ఏడవకు, గుడ్డ తడుస్తుంది" అని కసిరింది అక్క. తన కళ్ళ నుంచి కారుతున్నది మాత్రం కోటు వీపు మీదే పడుతోంది. ఇంకో వేలు దించాక ఆమె అరచెయ్యి కదలడం మానేసింది. "ఇదిగో. ఇక్కడ" అంది. అలాగే చాలాసేపు ఉంచింది చేతిని. నేను ఆ వంకరకి తగ్గట్టు గుండుసూదులు గుచ్చి, చేత్తోనే కుట్టాను. ముడతలు పడ్డాయి. వదిలేశాను.

అయ్యాక ముందుకి వచ్చి ఇద్దరం చూశాం. నడిచి నడిచి ఇంటికొచ్చి, సంచీ ఇంకా దింపని అమ్మ.

"ఆల్బంలో ఎన్ని ఫొటోలుండేవే?" అంది అక్క.

"ఇరవై దాకా ఉండేవి."

"అన్నిట్లోనూ కోటేనా?"

"ఫొటో అంటే చాలు, పరిగెత్తి తొడుక్కునేది కదా."

"నీ దూదితో."

"నా దూదితోనే."

అక్క ఒక నిట్టూర్పు విడిచింది. "అయితే ఆ ఆల్బం తెచ్చినా ఈ భుజం నాకు దొరికేది కాదే" అంది.

ఆదివారం జనం బాగానే వచ్చారు. మొదట నవ్వుకుంటూ లైన్లో నిలబడ్డారు, అరగంటకి కాళ్ళు మార్చుకోవడం మొదలుపెట్టారు, ముప్పావుగంటకి "ఈ కిటికీ ఎప్పుడు తెరుస్తారండీ?" అని అడిగారు. ఏమో, మాకూ తెలీదన్నాం. బొమ్మలమ్మాయి మొహం వెలిగిపోయింది. బావ అమ్మ కోటు వెనకే నిలబడి, ఎవరు అడ్డమొచ్చినా, "అత్తగారండీ, కాస్త జరగండి" అంటున్నాడు. సాయానికొచ్చిన ఒక పెద్దావిడ, కోటు వంకరగా ఉందని జాలిపడి, గుండుసూది పట్టుకుని సరిచెయ్యబోయింది. "ముట్టుకోకండి!" అని అక్కా నేనూ ఒకేసారి అరిచాం. ఆవిడ సూది జారవిడిచింది. తర్వాత ఇద్దరం కలిసి వెతికి ఇచ్చాం.

తిరుగు బస్సులో బావ కిటికీ పక్కన కునికిపాట్లు పడుతున్నాడు. అక్క నా పక్కన కూర్చుంది. బ్రేకు వేసినప్పుడు పడిపోకుండా నా భుజం పట్టుకుంది. బస్సు మళ్ళీ కదిలినా చెయ్యి తియ్యలేదు. రెండో భుజాన్ని కూడా తడిమి చూసింది.

"ఆ మిషను ఎటువైపు మోశావే?"

"ఎడమవైపు."

"నాలుగు రోజులూనా?"

"కుడిచేత్తో నీ సంచీ పట్టుకున్నాను కదా."

నేను నా రవికలకి ఎడమవైపు ఎంత దూది కుట్టుకుంటానో అక్కకి వేళ్ళతోనే తెలిసిపోయి ఉంటుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే పొయ్యి వెలిగించింది. చిన్న గిన్నెలో నూనె పెట్టింది. నా వెనకాల పీట వాల్చుకుని కూర్చుంది.

"ఏమే, కదలకుండా కూర్చో" అంది.

నూనె చురుక్కుమనేంత వేడిగా ఉంది. నేను చెప్పలేదు.